మూడు వందల ముప్ఫై రోజుల ప్రణాళిక

ఫిబ్రవరి పదమూడో తేదీ, మంగళవారం, సాయంత్రం ఐదూ ఇరవై నిమిషాలకు ఇది మొదలైంది. ఇప్పటికి రెండేళ్లు దాటింది. "ఆ రోజుల్లో" అంటూ చిన్ననాటి ముచ్చట చెప్పడం నా వయసు వాళ్లకు అలవాటు. నేను చెప్పబోయే దాంట్లోనూ చిన్నతనం ఉంది కాని అది నా మనవరాలిది. చిన్నపిల్ల చేష్టలు మాత్రం నావి. అప్పటికి నాకు అరవై తొమ్మిదేళ్లు నిండి మూడు నెలల పదకొండు రోజులు. ముప్ఫై ఒక్క ఏళ్లు బడిలో లెక్కలు చెప్పాను. అందులో ఇరవై నాలుగేళ్లు బడి మొత్తానికీ టైంటేబుల్ వేశాను. ఒకే పీరియడులో ఒకే టీచరు రెండు తరగతుల్లో ఉండవలసి రావడం నా టైంటేబుల్లో ఒక్కసారే జరిగింది, అదీ ఆ అమ్మాయి వేసవి సెలవుల్లో పెళ్లి చేసుకుని పేరు మార్చుకోవడం వల్ల (పాత పేరుకు మూడు పీరియడ్లు, కొత్త పేరుకు నాలుగు ఇచ్చాను, పెళ్లి పిలుపు రాలేదు, నాకెలా తెలుస్తుంది?). ఛత్రినాకలో మా అబ్బాయి పాలదుకాణం ఉన్న గల్లీలో ఇప్పటికీ నన్ను టైంటేబుల్ టీచరమ్మ అనే అంటారు.

ఆ మంగళవారం నేనూ, మనవరాలు చిట్టీ నెట్ సెంటరుకు వెళ్లాం. చిట్టి అప్పుడు ఇంటర్ రెండో ఏడు. డాక్టరు చదువు ప్రవేశపరీక్షకు ఫారం నింపాలి. కాయితాలన్నీ వరసలో పెట్టి, ప్రతిదానికీ రెండు నకళ్లు జతచేసి, ఏది ఎప్పుడు అడిగినా తీసి ఇచ్చేలా సంచి సర్దుకుని వెళ్లాను. నెట్ భాయ్ కాసేపు టకటకా కొట్టి, ఆగి, మళ్లీ కొట్టి, తల గోక్కున్నాడు.

"టీచరమ్మా, పాప పుట్టిన తారీఖు తీస్కుంట లేదు."

"మల్ల కొట్టు. జనవరి నాలుగు."

"మూడుసార్లు కొట్టిన. ఈ డిసెంబర్ ముప్పై ఒకటికి పదిహేడేండ్లు నిండాలె అంటున్నది. మీ పాపకు నాలుగు దినాలు తక్కువ పడుతున్నయి." అతను గొంతు తగ్గించాడు. "సర్టిఫికెట్ల డిసెంబర్ ముప్పై అని ఉంటే ఏ లొల్లి లేకుండె."

ఉండేది కాదు, నిజమే. ఇక్కడ ఒక సంగతి ఒప్పుకోవాలి. మా గల్లీలో పిల్లలు సర్టిఫికెట్ల ప్రకారం దాదాపు అందరూ జూన్ నెలలోనే పుట్టారు. బడిలో వేసేటప్పుడు పెద్దసారు "ఏం రాద్దాం?" అని అడగడం, తండ్రి "మీ ఇష్టం సార్" అనడం, ఆయనకు నోటికొచ్చిన జూన్ తేదీ ఒకటి పడిపోవడం మాకు తరతరాలుగా ఉన్న పద్ధతి. చిట్టిని ఒకటో తరగతి నుంచి నేరుగా మూడో తరగతికి ఎక్కించినప్పుడు (పిల్ల చురుకైనది, ఏడాది మిగులుతుందని నేనే పట్టుబట్టి ఎక్కించాను) పెద్దసారు నన్ను బతిమాలాడు: "ఐదు దినాలు ముందుకు జరుపుదాం టీచరమ్మా, ఎవరికి నష్టం?" నేను ఒప్పుకోలేదు. జనవరి నాలుగు, శుక్రవారం, తెల్లవారుజామున నాలుగూ పదికి పుట్టిన పిల్లను డిసెంబరులో ఎలా పుట్టిస్తాం? అలా ఆరేళ్లప్పుడు నేను మిగిల్చిన ఏడాది, నేనే కాపాడిన తేదీ వల్ల పదహారేళ్లప్పుడు పోయింది. ఇంటికి వచ్చే దారిలో చిట్టి నాకన్నా నాలుగడుగులు ముందు నడిచింది. నేను వెనక నడుస్తూ వచ్చే ఫిబ్రవరికి ఇంకా ఎన్ని రోజులో లెక్క పెడుతున్నాను.

మర్నాడు పొద్దున ఏడూ పావుకు పాలదుకాణంలో ప్యాకెట్లు సర్దుతూ చిట్టి నోరు విప్పింది. మా అబ్బాయి, కోడలు, నేను ముగ్గురం అక్కడే ఉన్నాం. ఎదురింటి సేటమ్మ చెంబు పట్టుకుని నిలబడి ఉంది (వాళ్లది ఇత్తడి సామాన్ల హోల్‌సేల్ వ్యాపారం, ఆమె పాలకు వస్తే పాలతోపాటు ఇంటి సంగతులు కూడా కొలిపించుకుని గాని కదలదు).

"నాకు ఐదేండ్ల కాడికెల్లి అందరు డాక్టరమ్మా అనే పిలుస్తున్రు," అంది చిట్టి. "అయితనని నేనెప్పుడన్న అన్ననా?"

మేం ముగ్గురం మొహాలు చూసుకున్నాం. సేటమ్మ కూడా చూసింది.

"ఇప్పుడు ఏడాది దొరికింది. గ్యాప్ ఇయర్ అంటరు దీన్ని. గీ ఏడాదిల నాకు ఇష్టం ఉందో లేదో నేను చూస్కుంట. ఉంటే వచ్చే ఫిబ్రవరిల ఫారం నింపుత. లేకుంటే లేదు."

"గ్యాపా?" అన్నాడు మా అబ్బాయి. "పల్ల మధ్యన ఉంటది గ్యాపు. ఏండ్ల మధ్యన గూడ ఉంటదా?"

"గట్ల ఖాళీగ కూసుంటే పిల్లకు తిక్క లేస్తది," అంది సేటమ్మ. "మా చెల్లె కొడుకు గిట్లనే ఏడాది కూసున్నడు. ఇంక లేస్తలేడు."

చిట్టి నా వైపు తిరిగింది. "నానమ్మా, ఏడాది ఎట్ల గడపాల్నో నువ్వే ప్లాన్ చెయ్యి. ఏ టైముకు ఏది చదువుమంటే అది చదువుత. ఎదురు చెప్ప. కానీ ఫారం నింపుతనా లేదా అని ఏడాదంత నన్ను ఒక్కసారి గూడ అడగొద్దు. అడిగినవంటే ఇగ ఆ ఫారం ముట్ట."

దీన్ని కొత్త రిజిస్టరు మొదటి పేజీలో రాసి ఇద్దరం సంతకాలు చేశాం. సేటమ్మ సాక్షి సంతకం చేస్తానంది. స్థలం లేదని చెప్పాను.

ఆ రోజుల్లో నా పరిస్థితి ఊహించండి. పదవీ విరమణ చేసి పదకొండేళ్లయింది. టైంటేబుల్ వేయడానికి ఒక్క బడి లేదు. అలాంటి నాకు ఒక మనిషి బతుకులో ఒక ఏడాది మొత్తం, సంతకంతో సహా, చేతికి వచ్చింది. ఇంటర్ పరీక్షలు మార్చి ఇరవైన అయిపోతాయి. ఇరవై ఒకటి నుంచి వచ్చే ఫిబ్రవరి పదమూడు దాకా మూడు వందల ముప్ఫై రోజులు. రోజుకు ఇరవై నాలుగు చొప్పున ఏడు వేల తొమ్మిది వందల ఇరవై గంటలు. నిద్రకు ఏడేసి, స్నానానికీ తిండికీ రెండేసి తీసేస్తే నాలుగు వేల తొమ్మిది వందల యాభై. ఆ అంకె కింద రెండు గీతలు కొట్టినప్పుడు నాకు కలిగిన సంతోషం నా పెళ్లినాడు కలగలేదు (ఆ రోజు ముహూర్తం పదిహేడు నిమిషాలు ఆలస్యమైంది).

మా అబ్బాయికి కోచింగ్ సెంటరు మీద మనసు. పెద్ద రోడ్డు మీద ర్యాంకులు వచ్చిన పిల్లల ఫ్లెక్సీ చూసి, లోపలికి వెళ్లి కరపత్రం తెచ్చాడు. తెల్లవారి ఐదు నుంచి రాత్రి పదిన్నర దాకా చదువేనట. ముందు నాకు గౌరవం కలిగింది. పదిహేడున్నర గంటలు నింపడం తేలిక కాదు. అద్దాలు తుడుచుకుని ఇంకోసారి చదివాను. మధ్యాహ్నం ఒకటి నుంచి ఒకటిన్నర భోజనం. ఒకటీ ఇరవైకి పరీక్ష. పది నిమిషాలు ఒకదాని మీద ఒకటి కూర్చున్నాయి.

"ఆ పది నిమిషాలు పిల్లలు ఏం చేస్తరు, అన్నం చేత్తోని పరీక్ష రాస్తరా?" అన్నాను.

"గది ప్రింటింగ్ల తప్పు పడ్డదేమోనమ్మా. వందలమంది పిల్లలు చదువుతలేరా?"

"వందలమందిల ఒక్కరు చూసుకోలేదంటే ఇంక ఘోరం." కరపత్రం మడిచి అలమారు కాలి కింద పెట్టాను.

ఇక ఇంట్లోనే ప్రణాళిక. మొదటి ప్రతి ఫిబ్రవరి ఇరవైకి సిద్ధమైంది. అది చూసి కోడలు "అత్తమ్మా, పొద్దుగాల అర్ధగంట వంటింట్ల పెట్టుండ్రి, రేపు హాస్టల్ల ఉంటే ఏం తింటది?" అంది. రెండో ప్రతి. అబ్బాయి తెల్లవారి పాలబండి వచ్చే వేళకు కౌంటరులో మనిషి కావాలన్నాడు. మూడో ప్రతి. సేటమ్మ యోగా అంది. ఆమె మాట కాదన్నాను కాని మర్నాడు నాకే మంచిదనిపించింది. నాలుగోది. పండగలు చూసుకోలేదని గుర్తొచ్చింది. ఆషాఢంలో మా దగ్గర బోనాలకు గల్లీ గల్లీకి మైకులు, డప్పులు. ఏ పిల్లకూ చదువు ఎక్కదు. ఆ ఆదివారాల్లో జీవశాస్త్రం బొమ్మలు వేసే పని పెట్టాను, దానికి చెవులతో అవసరం లేదు కనక. అది ఐదో ప్రతి. ఆరోదాంట్లో గుండె బొమ్మకూ మూత్రపిండం బొమ్మకూ ఒకే రంగు పడింది. ఇలా పదకొండు. పదకొండో ప్రతిని నాలుగు చార్టులు అంటించి గోడకు కొట్టిన రోజు జూన్ తొమ్మిది, ఆదివారం. అన్నీ సరిగ్గా ఉన్నాయి. మొదటి ఎనభై ఒక్క రోజులు మాత్రం అప్పటికే అయిపోయాయి.

"నానమ్మా, మార్చి ఇరవై ఒకటికెల్లి జూన్ తొమ్మిది దాక గూడ రాసినవ్ గద," అంది చిట్టి చార్టు ముందు నిలబడి. "గవి ఇప్పుడెట్ల చెయ్యాలె?"

"అవి రికార్డు కోసం."

"మరి నేను ఈ మూడు నెల్లు ఏం చేసిన?"

నాకు తెలియదు. నేను ప్రణాళికలో ఉన్నాను. తరవాత కోడలు చెప్పింది, పిల్ల రోజూ మేడ మీద నీళ్ల ట్యాంకు నీడన కూర్చుని పుస్తకాలన్నీ ఒకసారి చదివేసిందట.

మాట తప్పకుండా చిట్టి ఆ రోజు నుంచి చార్టు ప్రకారం నడిచింది. నాకు ఒకటే గుబులు. అడగకూడదు, అడగకుండా దాని మనసు డాక్టరు చదువు మీద నిలబెట్టాలి. అందుకని సాయంత్రం ఆరున్నర నుంచి ఏడు దాకా ఒక పీరియడు పెట్టాను: "రోగులతో పరిచయం". కోఠీకి పోయి బీపీ మిషన్ తెచ్చాను. పాలకోసం వచ్చేవాళ్లు దుకాణం ముందు బెంచీ మీద ఎలాగూ కూర్చుంటారు. చిట్టి వాళ్ల చేతికి పట్టీ చుట్టి కొలుస్తుంది, నేను రిజిస్టరులో ఎక్కిస్తాను. వారం తిరక్కుండా బెంచీ చాలలేదు. ఇంట్లో పాలున్నవాళ్లు కూడా రావడం మొదలుపెట్టారు.

మనవాళ్లకు ఏ అంకె ఇచ్చినా పోటీకి దిగుతారని నాకు అప్పుడు తెలిసింది. సేటమ్మకు మొదటి రోజు నూట అరవై ఎనిమిది వచ్చింది. ఆమె గల్లీ ఆ చివర దాకా తల ఎత్తుకుని నడిచింది. మర్నాడు ఇస్త్రీ దుకాణం చాచాకు నూట డెబ్బై రెండు వచ్చేసరికి ఆమె మొహం వాడిపోయింది.

"నాది మల్ల చూడు బిడ్డా. నిన్న నేను నిమ్మలంగ ఉన్న, అందుకే తక్కువొచ్చింది."

"ఎక్కువొస్తే మంచిది కాదు సేటమ్మా," అంది చిట్టి.

"అరే, ఇస్త్రీ చేసుకునేటోనికి గంతొస్తే, పదిమందికి వండిపెట్టేదాన్ని, నాకెంత రావాలె?"

చాచా మీసం దువ్వుకున్నాడు. "క్యా కరే సేటమ్మా, మాది ఖాన్‌దానీ బీపీ. మా నాయినకు రెండొందలుండె."

చిట్టి నవ్వలేదు. పట్టీ చుడుతూ చిన్నగా అడిగేది: నిద్ర పడుతోందా, మందు వేసుకున్నావా, పచ్చడి మానేశావా. అందరూ అన్నిటికీ ఔననే అనేవాళ్లు.

"పచ్చడి మొహం చూసి పదిహేను దినాలాయె," అంది సేటమ్మ ఓ రోజు.

"మరి నీ గోర్ల సందుల ఎర్రగ ఏంది?"

సేటమ్మ చెయ్యి కొంగు కింద దాచుకుంది. "గది... గోరింటాకు."

"గోరింటాకుకు ఆవాల వాసనొస్తదా?"

బెంచీ అంతా గొల్లుమంది. చిట్టి మాత్రం ఆమె ముంజేయి వదలకుండా, చెవిలో ఏదో చెప్పింది. సేటమ్మ తల ఊపింది. మర్నాటి నుంచి ఆమె అంకె తగ్గడం నేను నా చేత్తో రాశాను. పిల్లకు ఈ పని నచ్చుతోందా? మొహం చూసి చెప్పలేను. అడగడానికి లేదు. రిజిస్టరు మొదటి పేజీలో నా సంతకం ఉంది.

నా సొంత కొలత చార్టులో పొద్దున ఆరూ పదికి పెట్టుకున్నాను, ఒక్కదాన్నే. సాయంత్రం నేను రాసే మనిషిని కనక బెంచీ మీద కూర్చోవడం కుదరదు. మిషన్ మీద ఎవరి అంకెలు వాళ్లకు విడిగా ఉండేలా రెండు మీటలు ఉన్నాయి. "రెండోది నీది నానమ్మా, అదే నొక్కు, మందితోని కలవొద్దు," అని చిట్టి మొదట్లోనే చెప్పింది. నొక్కాను. సెప్టెంబరు ముప్ఫై, సోమవారం దాకా నా అంకెల్లో చెప్పుకోదగ్గదేమీ లేదు. ఆ పొద్దున పైది నూట డెబ్బై ఎనిమిది, కిందిది నూట రెండు వచ్చింది. మెడ వెనక బరువుగా ఉండటం నాలుగు రోజులుగా ఉంది కాని దాన్ని ఇంట్లో కళ్లద్దాల మీద వేసి చెప్పి, అద్దాలు మార్పించాను. మళ్లీ కొలిచాను. నూట డెబ్బై ఆరు.

ఇప్పుడు ఏం చేయాలి? చెబితే ఇంట్లో హడావిడి. కోడలు రిజిస్టరు నా చేతిలోంచి తీసుకుని దుప్పటి కప్పుతుంది. దవాఖానల చుట్టూ తిరుగుడు, పిల్ల చదువు చెడుతుంది, ఫిబ్రవరికి మనసు మారిపోతుంది. అప్పటికి గడువుకు నాలుగున్నర నెలలే ఉంది. ముప్ఫై ఒక్క ఏళ్లలో ఒక్క మార్కు కలపని దాన్ని, ఐదు రోజులు జరపని దాన్ని, పెన్ను తీసి నూట ఇరవై ఎనిమిది, ఎనభై రెండు అని రాశాను. దస్తూరీ కూడా కుదురుగా వచ్చింది.

కొలవడం మానెయ్యవచ్చు కదా అంటారు మీరు. చార్టులో ఉంది, ఎలా మానేస్తాను? రోజూ ఆరూ పదికి కొలిచాను, చూశాను, వేరేది రాశాను. రోజూ ఒకటే రాస్తే అనుమానం వస్తుందని నూట ఇరవై ఎనిమిది, ఇరవై ఆరు, ఇరవై నాలుగు, ఇరవై రెండు, మళ్లీ పైకి ఇరవై నాలుగు, ఇరవై ఆరు, ఇలా దించుతూ ఎక్కిస్తూ పోయాను. చూడటానికి ముచ్చటగా ఉండేది.

నవంబరు పది, ఆదివారం, సాయంత్రం నాలుగు గంటలకు చార్టులో గ్రాఫు గీసే పని ఉంది (అదీ నేను పెట్టిందే, రోగుల అంకెలను గీతలుగా చూడటం వైద్యానికి అవసరమని ఎక్కడో చదివాను). చిట్టి రిజిస్టరు ముందేసుకుని ఒక్కొక్కరివీ గీసింది. సేటమ్మ గీత కొండలు దిగినట్టు దిగింది. చాచాది ముళ్లకంప. చివరికి నాది గీసి, పెన్సిలు కింద పెట్టి, చాలాసేపు చూసింది.

"నానమ్మా, నీ అంకెల్ల బేసి సంఖ్య ఒక్కటి లేదు."

"ఉండకపోతే ఏమాయె?"

"సెప్టెంబర్ దాక ఉన్నయి. నూట ముప్పై ఒకటి, నూట ఇరవై ఏడు, అన్నుండె. తర్వాత నలభై రెండు దినాలు ఒక్కటి గూడ లేదు. చూడు, నీ గీత సీతాఫలం బుట్ట అంచు లెక్క ఉంది."

"ఆరోగ్యంగ ఉన్నోళ్లది గట్లనే ఉంటది."

చిట్టి లేచి మిషన్ తెచ్చింది. రెండో మీట పక్కన ఉన్న ఇంకో చిన్న మీట నొక్కింది. అంకెలు రావడం మొదలయ్యాయి, ఆ పొద్దుటిది ముందు, నిన్నటిది తరవాత, మొన్నటిది తరవాత. నూట ఎనభై ఒకటి. నూట డెబ్బై అయిదు. నూట డెబ్బై తొమ్మిది. ఆ యంత్రం నా అబద్ధాలన్నింటి పక్కనా నిజాన్ని, తేదీతో, గంటతో, నిమిషంతో సహా రాసి పెట్టుకుందని నాకు తెలియదు. ముప్ఫై ఒక్క ఏళ్లు నేను పిల్లలకు చెప్పిన పద్ధతి కూడా అదే.

కేకలేస్తుందని చూశాను. వేయలేదు. ఒక తెల్ల కాయితం తీసుకుని నలభై రెండు అంకెలూ వరసగా ఎక్కించింది. ఒక్కటి తప్పలేదు.

"రేపు పొద్దుగాల తొమ్మిదింటికి దవాఖానకు పోతున్నం."

"రేపు తొమ్మిదింటికి భౌతికశాస్త్రం."

"రేపు తొమ్మిదింటికి రోగులతోని పరిచయం," అంది చిట్టి. నా పెన్ను తీసుకుని చార్టు మీద కొట్టేసి రాసింది. పదకొండో ప్రతి మీద అదే మొదటి కొట్టివేత.

దబీర్‌పురా స్టేషను దగ్గర ఒక డాక్టరమ్మ ఉంది, నా ఈడుకు పదేళ్లు తక్కువ ఉంటుంది. మందలింపులో మాత్రం నాకన్నా పెద్దది. "ఎన్ని దినాల సంది ఇట్లున్నది అమ్మా?" అని అడిగింది.

"మొన్ననే, రెండు దినాలు," అన్నాను. నేనెందుకలా అన్నానో నాకు ఇప్పటికీ తెలియదు. చిట్టి పక్కనే ఉంది, కాయితం దాని చేతిలో ఉంది, అయినా అన్నాను. బల్లకు ఇటువైపు కూర్చోగానే మనిషికి ఏదో అవుతుంది.

చిట్టి కాయితం బల్ల మీద పెట్టింది. "నలభై రెండు దినాలు, మేడం. మొదటి వారం మెడ వెనక బరువుండె, అద్దాలు మార్పిచ్చుకున్నది. అన్నంల ఆవకాయ రెండు పూటల. అడిగితే లేదంటది."

డాక్టరమ్మ కాయితం పై నుంచి కింద దాకా చదివింది. తరవాత నన్ను చూడటం మానేసి, ఏ ప్రశ్న అయినా చిట్టినే అడిగింది. చిట్టి జవాబు చెప్పింది. నేను ఆ గదిలో బీరువాలాగా కూర్చున్నాను. వెళ్లేటప్పుడు డాక్టరమ్మ నాతో, "ఇంక నలభై దినాలు గిట్లనే రాసుకుంట గూసుంటె, రాసే చెయ్యి పడిపోయేది, మాలూమ్?" అంది. మాత్రలు రెండు రకాలు, ఉప్పు మూడో వంతు, పచ్చళ్లు బంద్.

ఆటోలో చిట్టి బయటికి చూస్తూ కూర్చుంది. అడగాలని నాకు గొంతు దాకా వచ్చింది. బిడ్డా, ఇంతకూ నింపుతావా? నాలుక కరుచుకున్నాను. నా వల్ల చదువు చెడింది, నా వల్ల దవాఖాన మొహం చూసి విసుగొచ్చి ఉంటుంది, అయిపోయింది అనుకున్నాను. ఆ రోజు నుంచి రిజిస్టరు చిట్టి చేతికి పోయింది. చార్టు మీద కొట్టివేతలు పెరిగాయి. అది ఎప్పుడు చదివేదో, ఏది చదివేదో నాకు తెలిసేది కాదు. ఆరూ పదికి వచ్చి నా చేతికి పట్టీ చుట్టేది, అంకె పైకి చదివేది, తనే రాసుకునేది. నేను అడగలేదు. డిసెంబరంతా అడగలేదు. జనవరి నాలుగున పదిహేడు నిండాయి, పాయసం చేశాం, అప్పుడూ అడగలేదు. ఫిబ్రవరి వచ్చింది, ఫారాలు వచ్చాయని సేటమ్మే చెప్పింది. "నింపుతున్నదా?" అని ఆమె అడిగితే, "నేను అడగొద్దు" అన్నాను. ఆమె నన్ను చూసిన చూపు, నా అంకె రెండు వందలు దాటినప్పుడు చూడవలసిన చూపు.

ఫిబ్రవరి పదకొండు, మంగళవారం పొద్దున దుకాణంలో మా అబ్బాయి క్రేట్లు దించుకుంటూ, "అమ్మా, చిట్టి ఫారానికి నా ఫోనుకే ఓటీపీ నెంబర్లు వస్తుంటయా? శనివారం ఒకటి వస్తే చదివి చెప్పిన. మల్లా వస్తదేమో, ఫోన్ ఇంట్ల పెట్టి పోవాల్నా?" అన్నాడు.

"ఏ ఫారానికి?"

"గదేనమ్మా, డాక్టర్ పరీక్షది. శనివారమే నింపింది గద. నీకు చెప్పలేదా?"

ఇంట్లోకి వెళ్లాను. చిట్టి చదువుకుంటోంది. తల ఎత్తి నా మొహం చూసింది.

"నాన్న చెప్పిండా?"

"చెప్పిండు. నేను అడగలేదు."

"తెలుసు. నువ్వు అడగవు."

"ఎప్పుడు అనుకున్నవ్?"

"నవంబర్లనే. దవాఖానల. నువ్వు మేడంకు నా ముంగటనే అబద్ధం చెప్తున్నవ్ గద, నాకు కోపం రావాలె. రాలె. నీ మాట ఎట్ల బయటికి గుంజాల్నో అనే ఆలోచించిన. మేడం నీ మాట నమ్మలె, నా కాయితం నమ్మింది. ఆ దిక్కు కుర్చీల నేను గూసోవాలె అనిపించింది." అని, కాస్త ఆగి, "నీ అసొంటోల్లు ఊర్ల ఎంతమంది ఉన్నరో," అంది.

"నవంబర్ల అనుకున్నదానివి, తొంభై మూడు దినాలు నన్నెందుకు ఏడిపిచ్చినవ్?"

"నువ్వు నలభై రెండు దినాలు నన్నెందుకు మోసం చేసినవ్?"

"రెండింతలకన్న ఎక్కువాయె."

"గది నీకు మందు," అంది చిట్టి. పుస్తకంలోకి తల దించింది.

పరీక్ష రాసింది. సీటు వచ్చింది, పెద్ద ర్యాంకేమీ కాదు. ఫ్లెక్సీ ఎవరూ కట్టలేదు. ఒక జిల్లా కాలేజీలో మొదటి ఏడు చదువుతోంది. పొద్దున ఆరూ పదికి ఫోను చేస్తుంది. నేను మిషన్ మీద అంకె చదువుతాను. బేసి సంఖ్య వస్తే చదవడానికి నాకు కొంచెం ధైర్యంగా ఉంటుంది. పదకొండో ప్రతి ఇంకా గోడ మీదే ఉంది, రంగులు వెలిశాయి. దాని ముందు నిలబడినప్పుడు, పదహారేళ్ల పిల్ల మనసును గళ్లల్లో పెట్టబోయి తన బీపీ అంకెను దాచుకున్న ఆ అరవై తొమ్మిదేళ్ల మనిషి మీద నాకు కోపం రాదు. నవ్వు వస్తుంది. ఆ దస్తూరీ మాత్రం, ఎంత చెప్పుకున్నా, చాలా బాగుంది.

లెక్క ఇది. మొత్తం రోజులు మూడు వందల ముప్ఫై. ప్రణాళిక వేయడంలో పోయినవి ఎనభై ఒకటి. అబద్ధం రాయడంలో పోయినవి నలభై రెండు. నోరు మూసుకోవడంలో పోయినవి తొంభై మూడు. కలిపితే రెండు వందల పదహారు. ఇవి కాక పోయినవి: ప్రణాళికలు, పది. కళ్లద్దాలు, అవసరం లేకుండా మార్పించినవి, ఒక జత. ఆవకాయ, పూర్తిగా. అప్పడాలు, ఆదివారం ఒకటి తప్ప అన్నీ. తప్పు రాయదని గల్లీలో నాకున్న పేరు, ఒకటి.